నలభై ఒకటో పుస్తకం, రెండువందల పన్నెండో పుట

కోర్టు మేడ కింద, కిటికీ లేని గదిలో
ఇరవై ఆరేళ్ళుగా నా ఉద్యోగం.
సౌత్ కరొలైనా తీరం. ఉప్పుగాలి మెట్లు దిగొచ్చి
ఇనుప బీరువాల్ని కొరుకుతుంది.
ఈ దస్తావేజులు అందరివీ, ఎవరైనా చూడొచ్చని
గోడమీద కాగితం అంటించింది నేనే.
ఎలా చూడాలో మాత్రం
ఎక్కడా రాయలేదు.

మంగళవారం ఒడెస్సా గ్రేసన్ వచ్చింది.
డెబ్బై నాలుగేళ్ళు. బూట్లమీద ఆరిన వాగు బురద.
చంకలో బిస్కెట్ల డబ్బా,
అందులో నలభై ఏళ్ళ శిస్తు రసీదులు,
రబ్బరు బ్యాండు కరిగి వాటికే అతుక్కుపోయి.
"ఈ ఏటి బిల్లు చూడు, నీళ్ళలో నానినట్టు ఉబ్బింది."

"ఎవరి పేరు మీద?"
"మా తాత. క్యూపిడ్ గ్రేసన్."
"ఆయన పోయి?"
"నేను పుట్టకముందే."

అమ్మినవాళ్ళ సూచిక ఒకటి, కొన్నవాళ్ళది ఒకటి.
నేలకి పేరుండదు,
మనిషి చెయ్యి పట్టుకుని
వెనక్కి వెనక్కి నడిస్తే
ఎక్కడో ఒకచోట నేల తగులుతుంది.
నలభై ఒకటో పుస్తకంలో తగిలింది:
ఎనిమిదిన్నర ఎకరాలు. తూర్పున, వాగులో పోటు నీరు తాకేదాకా.
దక్షిణాన, మేకు దిగ్గొట్టిన సైప్రస్ మొద్దుదాకా.
అక్కడినుంచి మొదలుపెట్టిన చోటికి.

"వాగు ఇప్పుడక్కడ లేదే," అంది.
"నా పెళ్ళేడు తుఫానుకి జరిగిపోయింది.
మొద్దుని మా అన్న పొయ్యిలో పెట్టాడు."
పుట అంచున చీమల బారులా సన్నటి రాత:
బాకీ పూర్తిగా చెల్లు, 1921.
అది మాత్రం మూడుసార్లు చదివించుకుంది.

తర్వాత బిల్లు.
కౌంటీవాళ్ళు నేలకి ధర కడతారు.
పక్కన గోల్ఫ్ మైదానం పడ్డాక
నువ్వు గడ్డపార ముట్టకపోయినా నీ ధర లేచింది.
అందులో నూటికి ఆరు పాళ్ళు లెక్కలోకి వస్తాయి,
వాటిమీద మిల్లులు.
మిల్లంటే వెయ్యికి ఒకటి.

"వెయ్యి బియ్యపు గింజల్లో ఒక గింజ."
"అంతే."
"ఎన్ని గింజలు తీస్తున్నారు?"
"మూడువందల పదకొండు."
"అదేం గింజమ్మా, దోసిళ్ళకొద్దీ ఎత్తుకుపోతుంటే!"

"ఆరు పాళ్ళే ఎందుకు?" అంది కాసేపటికి.
యజమాని అక్కడ కాపురముంటే నాలుగు, లేకపోతే ఆరు.
"నేనక్కడే ఉన్నాగా?"
"కాగితంలో యజమాని క్యూపిడ్ గ్రేసన్. ఆయన ఉండటం లేదు."
"ఎందుకుండడు? వాగు గట్టునే ఉన్నాడు.
చుట్టూ శంఖాలు పేర్చింది మేమే."

వారసులు కాపురముంటే నాలుగు పాళ్ళకి ఒక అర్జీ ఉంది.
ఒకటే పుట.
నా బల్లకి ఎడమవైపు, రెండో సొరుగులో.
ప్రతి జనవరి పైఅంతస్తులో డబ్బు కట్టి వస్తూ
మెట్లమీద నాకు ఎదురుపడేది, నవ్వేది.
అడిగితే ఇచ్చేదాన్ని.
అడగనిది చెప్పడం నా పని కాదు.
ఆ మాటమీద ఇన్నేళ్ళు
దిండుమీద కూచున్నట్టు కూచున్నాను.

"ఎక్కువ కట్టిందంతా వెనక్కొస్తుందా?"
"రాదు. ఇకమీదటే."

డబ్బా బోర్లించింది.
ఒక్కో రసీదూ తడి వేలితో విడదీసి
నా బల్లమీద పరుస్తూ పోయింది,
వెనక వరసలో రియల్ ఎస్టేటు కుర్రాడు గడియారం చూసుకుంటుంటే.
నలభై. ఒకటి తక్కువైతే మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.
నేను నిలబడే ఉన్నాను.

అర్జీకి వంశవృక్షం కావాలన్నాను.
తాతకి పదకొండుమంది. పేర్లు చెబుతోంది, రాస్తున్నాను:
హెజెకయా, టెనా, చిన్నప్పుడే పోయిన కవలలు,
ఫిలడెల్ఫియా వెళ్ళి ఉత్తరం రాయని జూబిలీ.
కాగితం చాలక ఇంకొకటి అతికించాం.
పెన్సిలు రెండుసార్లు విరిగింది.

లేచి వెళ్తూ అడిగింది:
"మరి మీ ఇల్లు ఏ పుస్తకంలో ఉంది?"
"అద్దెకుంటున్నాను. ఏ పుస్తకంలోనూ లేను."
డబ్బా మూత నొక్కుతూ ఆలోచించింది.
"ఇంటాయన శిస్తు నీ అద్దెలోంచేగా కడతాడు?
అయితే నువ్వూ నాలాగే,
ఎవరి పేరు మీదో కడుతున్నావన్నమాట."